మబ్బు పట్టిన రాత్రి చుక్క ఏం చేస్తుంది? డాబా గార్డెన్స్ నుంచి కెప్లర్ దాకా

ఈ ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు మీకొక చిన్న పని. మీ ఇంట్లో టేబుల్ ఫ్యాన్ ఉంటే ఫుల్ స్పీడ్‌లో పెట్టి, ఫోన్‌తో ఒక వీడియో తీయండి. కంటికి రెక్కలు కలిసిపోయి పల్చటి చక్రంలా కనిపిస్తాయి కదా, వీడియోలో అలా కాదు. రెక్కలు నెమ్మదిగా తిరుగుతున్నట్టో, ఒక్కోసారి వెనక్కి తిరుగుతున్నట్టో, కొన్నిసార్లు అసలు ఆగిపోయినట్టో కనిపిస్తాయి.

ఫ్యాన్ మారలేదు, చూసే పద్ధతి మారింది. చాలా ఫోన్లు సెకనుకి 30 ఫోటోలు తీస్తాయి. ఒక ఫోటోకీ ఇంకో ఫోటోకీ మధ్య ఏం జరిగిందో ఫోన్‌కి తెలీదు. మూడు రెక్కల ఫ్యాన్ నిమిషానికి 1200 సార్లు తిరుగుతోందనుకోండి, అంటే సెకనుకి 20 చుట్లు. ఒక్కో చుట్టుకి మూడు రెక్కలు, మొత్తం సెకనుకి 60 రెక్కలు ఒకే చోటు దాటుతాయి. ఫోటోకీ ఫోటోకీ మధ్య సరిగ్గా రెండు రెక్కలు దాటిపోతాయి. ప్రతి ఫోటోలోనూ అదే చోట ఒక రెక్క. కాబట్టి ఫోన్ దృష్టిలో ఫ్యాన్ కదలడం లేదు.

ఇప్పుడు ఫ్యాన్ బదులు ఆకాశంలో ఒక నక్షత్రాన్ని పెట్టండి. ఫోన్ బదులు రాత్రిపూట మాత్రమే, అదీ మబ్బు లేనప్పుడు మాత్రమే చూడగలిగే మనిషిని పెట్టండి. ఈ రోజు కథ అదే.

నక్షత్రాల్లో కొన్ని గుండెలా కొట్టుకుంటాయి. నిజంగానే ఉబ్బుతాయి, కుంచించుకుంటాయి, దాంతో వాటి వెలుగు పెరుగుతుంది, తగ్గుతుంది. వీటిని స్పందించే తారలు అంటాం, ఇంగ్లీషు మాటలో పల్సేటింగ్ స్టార్స్. కొన్నిటికి ఒక దెబ్బకి ఏడాది పడుతుంది, కొన్నిటికి అయిదు రోజులు, కొన్నిటికి అయిదు నిమిషాలు. ఆ కొట్టుకునే వేగం, అంటే ఫ్రీక్వెన్సీ, సరిగ్గా దొరికితే ఆ నక్షత్రం లోపల ఏముందో లెక్క కట్టొచ్చు. కంసాలి నాణెం మోగించి చూసి లోహం చెప్పినట్టు. అంతా ఆ ఒక్క అంకె మీద ఆధారపడి ఉంటుంది. ఆ అంకె తప్పితే నక్షత్రం లోపలి కథ మొత్తం తప్పుతుంది.

మన సిక్కోలు వాళ్ళకి ఈ చిక్కు తెలిసిందే. అరసవల్లి తీసుకోండి. ఏడాదికి రెండుసార్లు, మార్చి 9, 10 తేదీల్లో, అక్టోబర్ 1, 2 తేదీల్లో, ఉదయపు సూర్యకిరణాలు గుడి లోపలికి వచ్చి స్వామి పాదాల మీద పడతాయి. తెల్లవారకముందే జనం బారులు తీరతారు. ఒక్కో ఏడు మబ్బు అడ్డం వచ్చి, కిరణాలు పడకుండానే అందరూ వెనక్కి తిరుగుతారు. ఇప్పుడు సూర్యుడి సంగతి ఏమీ తెలియని ఒక మనిషిని ఊహించుకోండి. అతని దగ్గర ఉన్నది ఒక నోట్‌బుక్కు, అందులో కిరణాలు పడ్డ తేదీలు మాత్రమే. అక్టోబర్ అంటే మన దగ్గర వానలు పూర్తిగా వదలని నెల. అక్టోబర్‌లో ప్రతి ఏడూ మబ్బే అయితే, ఆ నోట్‌బుక్కు ప్రకారం ఇది ఏడాదికి ఒక్కసారి జరిగే సంగతి. రెండూ దొరికితే ఇంకో చిక్కు. మార్చి నుంచి అక్టోబర్‌కి 206 రోజులు, అక్టోబర్ నుంచి మార్చికి 159 రోజులు. కొన్ని మార్చిలు, కొన్ని అక్టోబర్‌లు ఎగిరిపోతే ఆ నోట్‌బుక్కులోంచి ఎన్ని రకాల లెక్కలైనా తీయొచ్చు. ఆ తప్పు సూర్యుడిదీ కాదు, గుడి కట్టినవాళ్ళదీ కాదు. నోట్‌బుక్కులో ఖాళీలున్నాయి, అంతే.

చరిత్రలో ఈ దెబ్బ మొదట తిన్నవాడు డేవిడ్ ఫాబ్రిసియస్. జర్మనీ ఉత్తర తీరాన ఒక చర్చిలో పాస్టరు. 1596 ఆగస్టులో తిమింగిలం రాశిలో, అంటే సీటస్‌లో, ఒక చుక్కని చూశాడు. కొన్నాళ్ళు ప్రకాశించింది, తర్వాత తగ్గుతూ తగ్గుతూ అక్టోబర్‌కి మాయమైపోయింది. కొత్త నక్షత్రం పుట్టి చచ్చిపోయిందనుకున్నాడు. అప్పటికి అది న్యాయమైన ఆలోచనే, ఎందుకంటే 1572లో టైకో బ్రాహీ చూసిన కొత్త నక్షత్రం అలాగే మాయమైంది. పదమూడేళ్ళు గడిచాయి. 1609 ఫిబ్రవరిలో అదే చోట అదే చుక్క మళ్ళీ కనిపించింది.

ఆ మధ్యలో ఏమైంది? ఆ చుక్క దాదాపు 332 రోజులకోసారి వెలుగుతుంది, ఆరుతుంది. ఆ పదమూడేళ్ళ ఖాళీలో అది పదమూడు, పద్నాలుగు సార్లు వెలిగి ఆరింది. అందులో ఒకసారి యోహాన్ బేయర్ చూశాడు కూడా. 1603లో అచ్చువేసిన తన నక్షత్ర పటంలో దానికి ఓమిక్రాన్ అనే అక్షరం పెట్టాడు. ఫాబ్రిసియస్ చూసిన చుక్కే తానూ చూస్తున్నానని ఆయనకి తెలీదు. ఇద్దరి నోట్‌బుక్కులూ పక్కపక్కన పెట్టినవాడు లేడు. చివరికి 1638లో ఫోకిలిడెస్ హోల్వార్డా అనే డచ్చి పండితుడు ఓపిగ్గా చూసి, ఇది పదకొండు నెలలకోసారి తిరిగొస్తోందని చెప్పాడు. తర్వాత హెవీలియస్ దానికి మీరా అని పేరు పెట్టాడు, లాటిన్‌లో అద్భుతం అని అర్థం.

మీరాలో ఇంకో తమాషా ఉంది, నాకు చాలా ఇష్టమైనది. దాని చుట్టు 332 రోజులు, మన ఏడాది 365. అంటే ప్రతి ఏడూ దాని వెలుగు 33 రోజులు ముందుకి జరుగుతుంది. ఏప్రిల్ చివర సూర్యుడు సరిగ్గా ఆ పక్కనే ఉంటాడు, ఆ వారాల్లో మీరా కనిపించదు. కాబట్టి ప్రతి పదకొండేళ్ళకోసారి, వరసగా రెండు మూడేళ్ళ పాటు, దాని మంచి వెలుగంతా సూర్యుడి వెనకాల వృథా అయిపోతుంది. ఆ ఏళ్ళలో ఆకాశం చూడడం మొదలుపెట్టినవాడికి మీరా మందకొడి చుక్క. ఇంకో అయిదేళ్ళ తర్వాత మొదలుపెట్టినవాడికి అద్భుతం.

ఇక మన తీరానికి వద్దాం. విశాఖపట్నంలో డాబా గార్డెన్స్ మీద నుంచి బస్సులో ఎన్నిసార్లు వెళ్ళి ఉంటారు? విజయనగరం, శ్రీకాకుళం నుంచి ఆసుపత్రికో షాపింగ్‌కో వెళ్ళే ప్రతి కుటుంబానికీ తెలిసిన చోటు. 1840లో అక్కడ ఒక ఖగోళ పరిశోధనశాల ఉండేదని ఆ బస్సులో ఎంతమందికి తెలుసు? పెట్టినవారు గోడే వెంకట జగ్గారావు. పుట్టింది 1817లో. కుర్రతనంలోనే మద్రాసు వెళ్ళి, అక్కడి అబ్జర్వేటరీ అధికారి టి.జి. టేలర్ దగ్గర ఖగోళం నేర్చుకుని వచ్చి, సొంత డబ్బుతో సొంత తోటలో టెలిస్కోపు పెట్టుకున్నారు. ఆ కుటుంబానికి మన శ్రీకాకుళం పక్కన షేర్‌మహమ్మద్‌పురం జమీందారీ ఉండేది. ఎచ్చెర్ల వైపు వెళ్ళేవాళ్ళకి ఆ ఊరు తెలుసు. అక్కడ రైతు పండించిన ధాన్యం డబ్బులే డాబా గార్డెన్స్‌లో అద్దాలూ గడియారాలూ అయ్యాయని నా లెక్క. ఎవరూ అలా చెప్పరు గానీ, జమీందారు సొంత డబ్బు అంటే ఇంకేముంటుంది?

జగ్గారావు 1856లో, నలభై ఏళ్ళు నిండకుండానే పోయారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు పరిశోధనశాలని చేతిలోకి తీసుకున్నారు. ఈయన లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఫెలో అయ్యారు. 1874 డిసెంబర్‌లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటినప్పుడు విశాఖ నుంచి చూసి, ఆ వివరాలు లండన్ పంపారు. తోకచుక్కలు, గ్రహణాలు చూశారు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీది జెండా కర్రతో ఊరికీ ఓడలకీ టైం చెప్పే ఏర్పాటు కూడా ఈ కుటుంబానిదే. చిన్న విషయం కాదిది. మెరిసే చుక్కల లెక్కలో వెలుగు ఎంత అన్నదానికన్నా ఎప్పుడు అన్నది ముఖ్యం. గడియారం తప్పితే అంతా తప్పే.

కానీ ఒక తేడా గమనించండి. శుక్ర సంక్రమణం, గ్రహణం, ఇవన్నీ తేదీ ఉన్న పనులు. పెళ్ళి ముహూర్తం లాంటివి. ఆ రోజు సిద్ధంగా ఉంటే చాలు, మబ్బు పడితే దురదృష్టం అనుకుని ఊరుకోవచ్చు. స్పందించే తారలు అలా కాదు. అవి పొలం పని లాంటివి. రోజూ వెళ్ళాలి, ఏళ్ళ తరబడి వెళ్ళాలి, మధ్యలో నాగా పెడితే ఆ నాగాకి కూడా లెక్క ఉంటుంది. ఒక్క జమీందారు, ఒక్క తోట, అల్పపీడనం మీద అల్పపీడనం వచ్చే తీరం. ఆ పని అక్కడ సాగడం కష్టం. నరసింగరావు 1892లో పోయారు. ఆ తర్వాత పరిశోధనశాల ప్రభుత్వం చేతికి వెళ్ళింది, మెల్లగా చరిత్రలో కలిసిపోయింది. ఈ రోజు డాబా గార్డెన్స్‌లో సెల్‌ఫోన్ షాపులున్నాయి.

రోజువారీ పని మద్రాసులో జరిగింది. 1861లో అక్కడికి నార్మన్ పోగ్సన్ వచ్చాడు. చుక్కల వెలుగుని మెట్లుగా కొలవడానికి ఇప్పటికీ ప్రపంచమంతా వాడే లెక్క, ఒక్కో మెట్టుకి 2.512 రెట్లు తేడా, ఆయన పెట్టిందే. ఆయనకి మెరుపు మారే చుక్కలంటే ప్రాణం. ఆయన దగ్గర పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1867లో ఆర్ రెటిక్యులీ అనే చుక్క వెలుగు మారుతోందని కనిపెట్టారు. అదే రఘునాథాచారి 1868 ఆగస్టు గ్రహణానికి ఇప్పటి తెలంగాణలోని వనపర్తిలో కూర్చుని చూశారు. పోగ్సన్ ముప్ఫై ఏళ్ళు మద్రాసులోనే ఉండి 1891లో అక్కడే పోయాడు. ఆయన చర తారల పరిశీలనల్లో 31 చుక్కలవి 1908లో గానీ లండన్‌లో అచ్చుకి నోచుకోలేదు. ఆకాశంలో మబ్బు వల్ల వచ్చే ఖాళీ ఒకటైతే, బీరువాలో పడి ఉండడం వల్ల వచ్చే ఖాళీ ఇంకొకటి. రెండోది మనిషి చేసుకున్నది.

ఇప్పుడు కాస్త లెక్కలోకి దిగుదాం. భయపడకండి, రెండు ఉదాహరణలే.

మొదటిది. మీరు కళింగపట్నం బీచ్‌లో ప్రతి రాత్రీ సరిగ్గా 9 గంటలకి ఒక చుక్కని చూస్తున్నారు. సోమవారం ప్రకాశవంతం, మంగళవారం మసక, బుధవారం ప్రకాశవంతం, గురువారం మసక. ఏమంటారు? రెండు రోజులకోసారి వెలుగుతోంది అంటారు. 48 గంటల చుట్టు. కానీ అది 16 గంటలకోసారి వెలిగినా మీకు కనిపించేది అచ్చం అదే. 24 గంటల్లో ఒకటిన్నర చుట్లు పూర్తవుతాయి, ఒక రోజు శిఖరం, మర్నాడు లోయ. 9 గంటల 36 నిమిషాలకోసారి వెలిగినా అంతే, రోజుకి రెండున్నర చుట్లు. రోజుకి అర చుట్టు, ఒకటిన్నర, రెండున్నర, మూడున్నర, ఇవన్నీ మీ నోట్‌బుక్కులో ఒకే ముఖం వేసుకుని కూర్చుంటాయి. శాస్త్రంలో వీటికి పెట్టిన పేరు ఏమిటో తెలుసా? అలియాస్. పేపర్లో క్రైమ్ వార్తల్లో చదువుతాం చూడండి, ఫలానా వ్యక్తి అలియాస్ ఫలానా అని, అదే మాట. ఒకే మనిషికి పది పేర్లు. అందులో అసలు పేరు ఏదో పట్టుకోవడమే పోలీసు పనీ, ఖగోళవేత్త పనీ.

విడిపించడం ఎలా? చుక్కని 9 గంటలకే కాక 12 గంటలకి కూడా చూడండి. 48 గంటల చుక్క మూడు గంటల్లో పెద్దగా కదలదు. 9 గంటల 36 నిమిషాల చుక్క మూడు గంటల్లో చుట్టులో దాదాపు మూడో వంతు దాటేస్తుంది. తేడా తెలిసిపోతుంది. అందుకే పాత పరిశీలకులు కావాలనే వేళలు మార్చి చూసేవారు. క్రమశిక్షణగా ఒకే టైంకి చూడడం మంచి అలవాటు అనిపిస్తుంది గానీ, ఈ పనిలో అదే పెద్ద శత్రువు.

రెండో ఉదాహరణ ఇంకా లోతైనది. సెఫియస్ రాశిలో డెల్టా సెఫీ అనే చుక్క ఉంది. 1784లో ఇంగ్లండులో జాన్ గుడ్రిక్ అనే చెవిటి కుర్రవాడు, ఇరవై ఏళ్ళ వయసులో, అది అయిదు రోజుల చిల్లరకోసారి వెలుగుతోందని కనిపెట్టాడు. మీరు దాన్ని కొన్ని వారాలు చూసి, చుట్టు 5.37 రోజులు, పదో వంతు రోజు అటూ ఇటూ ఉండొచ్చు అని రాసుకున్నారు. తర్వాత పరీక్షలు, వానలు, ఒక ఏడాది ఖాళీ. సరిగ్గా 365 రోజుల తర్వాత మళ్ళీ చూస్తే అది శిఖరం మీద ఉంది. ఈ ఏడాదిలో అది ఎన్నిసార్లు కొట్టుకుంది? 68 సార్లయితే చుట్టు 5.368 రోజులు. 67 సార్లయితే 5.448. 69 అయితే 5.290. మూడూ మీ మొదటి లెక్క లోపలే ఉన్నాయి. మూడింటిలో ఏది? ఏడాది ఖాళీ మీకు చాలా సన్నటి కొలబద్ద ఇచ్చింది, మూడు దశాంశ స్థానాల దాకా అంకె ఇస్తోంది. కానీ మూడు అంకెలిస్తోంది, అందులో రెండు అబద్ధం. ఖాళీకి ముందు ఇంకో పది రాత్రులు చూసి ఉంటే, 67, 69 తేలిగ్గా ఎగిరిపోయేవి.

ఇక్కడ మన విశాఖ మళ్ళీ వస్తుంది, మీరు ఊహించని దారిలో. విశాఖలో మిసెస్ ఏవీఎన్ కాలేజీ ఉంది కదా. ఆ ఏవీఎన్ అంటే మనం ఇందాక చెప్పుకున్న అంకితం వెంకట నరసింగరావే. సి.వి. రామన్ తండ్రి పాఠాలు చెప్పిన కాలేజీ, రామన్ చదువుకున్న కాలేజీ. అదే విశాఖలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు, అంటే సి.ఆర్. రావు, 1945లో కలకత్తాలో ఒక వ్యాసం అచ్చువేశారు. ఏ కొలతలో అయినా ఇంతకన్నా కచ్చితత్వం ఎవరి తరమూ కాదు అని ఒక గీత గీసే సూత్రం అందులో ఉంది. ప్రపంచం దాన్ని క్రామర్–రావు హద్దు అంటుంది. మెరిసే చుక్కల ఫ్రీక్వెన్సీకి కూడా ఆ హద్దు వర్తిస్తుంది. అది ఏం చెబుతుందంటే, మొదటి పరిశీలనకీ చివరి పరిశీలనకీ మధ్య కాలం రెట్టింపు అయితే కచ్చితత్వం కనీసం రెట్టింపు అవుతుంది. పరిశీలనల సంఖ్య పెంచితే కూడా పెరుగుతుంది, కానీ నెమ్మదిగా, నాలుగు రెట్లు చూస్తే రెండు రెట్లు.

అంటే మధ్యలో ఖాళీ ఉన్నా, రెండు చివరలూ దూరంగా ఉంటే లాభమే అని ఆ సూత్రం అంటోంది. నిజమే. కానీ ఆ హద్దు సరైన శిఖరం మీద నిలబడ్డవాడికే పనికొస్తుంది. మీరు పక్క శిఖరం ఎక్కి కూర్చుంటే, మూడో దశాంశ స్థానం దాకా కచ్చితంగా తప్పు చెబుతారు. ఇది నాకు చాలా భయంకరమైన తప్పు అనిపిస్తుంది, ఎందుకంటే చూడ్డానికి అచ్చం ఒప్పులాగే ఉంటుంది.

ఒకే ఫ్రీక్వెన్సీ ఉంటే ఇంకా నయం. డెల్టా స్కూటీ రకం చుక్కలు ఒకేసారి పదుల ఫ్రీక్వెన్సీల్లో కొట్టుకుంటాయి. ఎఫ్‌జీ వర్జినిస్ అనే చుక్కలో 75కి పైగా దొరికాయి. పెళ్ళి బ్యాండులో డప్పు, సన్నాయి, కీబోర్డు అన్నీ కలిసి మోగుతుంటే, మైకు ప్రతి రెండు సెకన్లకోసారి ఆగిపోతోందనుకోండి. ఏది ఎవరి శబ్దం? ఖగోళవేత్త ముందు పెద్ద శబ్దాన్ని పట్టుకుని తీసేస్తాడు, మిగిలినదాంట్లో తర్వాతి పెద్దది వెతుకుతాడు. మొదటి అడుగులో అసలుదాని బదులు అలియాస్‌ని తీసేస్తే, లేని శబ్దాలు కొత్తగా పుట్టుకొస్తాయి. ఇంక అక్కడి నుంచి దెయ్యాల వెంట పరుగే.

మరి పగలు అనే ఖాళీని ఎలా పూడ్చాలి? మబ్బు తొలగొచ్చు, సూర్యుడు తొలగడు. దీనికి జవాబు ఒక్కటే, భూమి చుట్టూ మనుషులు. హైదరాబాదులో నిజామియా అబ్జర్వేటరీ, ఆ తర్వాత 1968లో మొదలైన జపాల్–రంగాపూర్ 48 అంగుళాల టెలిస్కోపు, ఇవన్నీ మంచి పని చేశాయి గానీ, ఒక్క చోటి నుంచి ఎంత పెద్ద టెలిస్కోపుతో చూసినా తెల్లారిపోతుంది. 1980లలో టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఎడ్ నేథర్, డాన్ వింగెట్ ఒక ఏర్పాటు చేశారు. పేరు హోల్ ఎర్త్ టెలిస్కోప్. ఒక చోట తెల్లవారుతుంటే, పడమర వైపు ఇంకో చోట అదే చుక్కని అందుకుంటారు. రిలే పరుగు అన్నమాట. 1989లో పీజీ 1159 అనే తెల్లమరుగుజ్జు రకం చుక్కని ఇలా 264 గంటలు చూశారు. వందకి పైగా ఫ్రీక్వెన్సీలు విడివిడిగా దొరికాయి. ఆ చుక్క బరువు, అది తిరిగే వేగం, దాని పైపొరల మందం, అన్నీ ఆ అంకెల్లోంచి తీశారు.

తమిళనాడులోని కావలూరు, ఉత్తరాదిన నైనితాల్ టెలిస్కోపులు కూడా ఈ పరుగులో చేరాయి. ఎందుకు అవసరమయ్యాయో మ్యాప్ తీసి చూడండి. ఆస్ట్రేలియాకీ, దక్షిణాఫ్రికా, కెనరీ దీవులకీ మధ్య పెద్ద సందు ఉంది. ఆ సందులో ఉన్న పెద్ద నేలల్లో మనదొకటి. మనం చూడకపోతే ఆ గంటల్లో ఖాళీ పడే అవకాశం ఎక్కువ. సూర్యుడి స్పందనలు చూసే గాంగ్ అనే ఆరు టెలిస్కోపుల వల 1995లో మొదలైతే, కాలిఫోర్నియా, హవాయి, ఆస్ట్రేలియా, కెనరీ, చిలీతో పాటు ఉదయపూర్‌ని అందుకే ఎంచుకున్నారు. కాకపోతే మన ఋతుపవనాలు ఎవరి మాటా వినవు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దేశంలో చాలా చోట్ల ఆకాశం మూసుకుపోతుంది. ఆ నెలల్లో రాత్రి ఆకాశంలో ఉండే వృశ్చికం, ధనుస్సు వైపు చుక్కలకి మన రేఖాంశంలో ఎప్పుడూ అన్యాయమే జరుగుతుంది. లద్దాఖ్‌లోని హన్లేలో రెండు మీటర్ల టెలిస్కోపు పెట్టడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి, అక్కడ వాన తక్కువ.

అయినా మనుషులు మోసపోతూనే ఉన్నారు. ఇది స్పందించే చుక్క కాదు గానీ లెక్క అదే, అందుకని చెబుతున్నా. 55 కాంక్రీ అనే నక్షత్రం చుట్టూ ఒక గ్రహం 2.8 రోజులకోసారి తిరుగుతోందని 2004 నుంచి పుస్తకాల్లో ఉండేది. 2010లో రెబెకా డాసన్, డేనియల్ ఫాబ్రికీ ఆ పాత కొలతల్నే మళ్ళీ తవ్వి, ఇది అలియాస్, అసలు చుట్టు 0.74 రోజులు, అంటే 18 గంటల లోపే అన్నారు. మరుసటి ఏడాది అంతరిక్ష టెలిస్కోపులు ఆ గ్రహం నక్షత్రం ముందు నుంచి దాటడం చూశాయి. దాదాపు 18 గంటలకోసారే. లెక్క వేసి చూడండి, రోజుకి 0.355 చుట్లు, రోజుకి 1.358 చుట్లు. తేడా దాదాపు రోజుకి ఒకటి. బీచ్‌లో మనం చూసిన చుక్క కథే.

అంతరిక్షంలోకి వెళితే ఖాళీలు పోతాయి కదా అంటారా? తగ్గాయి, పోలేదు. 2009లో ఎగిరిన కెప్లర్ నాలుగేళ్ళు ఒకే చోటు చూసింది. కానీ నెలకోసారి డేటా పంపడానికి భూమి వైపు తిరగాలి, ఆ కాసేపు ఖాళీ. 2006లో ఎగిరిన కోరో భూమి చుట్టూ రోజుకి దాదాపు 14 సార్లు తిరిగేది, ఆ తిరుగుడు వల్ల రోజుకి 14 అనే దొంగ శిఖరం దాని డేటాలో వచ్చేది. ఇప్పుడున్న టెస్ ఆకాశంలో ఒక్కో ముక్కని సుమారు 27 రోజులు చూసి పక్కకి వెళ్ళిపోతుంది. మళ్ళీ వచ్చేసరికి నెలలో ఏళ్ళో. మధ్యలో ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్క, 67, 68, 69 చిక్కు, మళ్ళీ మొదటికి.

ఒక పని మాత్రం ఇప్పటికీ కంటితోనే చేయొచ్చు. గరుడ రాశిలో ఈటా ఆక్విలే అనే చుక్క ఉంది, ఏడు రోజుల చిల్లర చుట్టు, మామూలు కంటికి కనిపిస్తుంది. ఆగస్టు నుంచి నవంబర్ దాకా సాయంత్రాల్లో మన తలమీదే ఉంటుంది. అంటే సరిగ్గా మన మబ్బుల, తుఫాన్ల కాలంలో. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటిన వారంలో ఉద్దానంలో కరెంటు లేదు, ఆకాశం లేదు, ఎవరికీ చుక్కల ఊసు లేదు. ఆ వారంలో కూడా ఈటా ఆక్విలే దాదాపు ఒక చుట్టు పూర్తి చేసింది. చూడాలనుకుంటే పక్కనున్న చుక్కలతో పోల్చి వెలుగు రాయండి, నిమిషంతో సహా టైం రాయండి, వేళలు మార్చి చూడండి. మబ్బు పడ్డ రోజు ఊహించి ఏదో అంకె వేయకండి, మబ్బు అని రాయండి. మీరు కళింగపట్నంలో రాత్రి 8 గంటలకి తలెత్తినప్పుడు లండన్‌లో మిట్టమధ్యాహ్నం దాటి ఉంటుంది, చిలీలో ఇంకా ఉదయం. ఆ గంటలో ఆ చుక్క అక్కడ ఎవరికీ కనిపించదు.